అక్వేరియం లైటు రోజుకి ఎన్ని గంటలు వెయ్యాలి?

తొందరలో ఉన్నవాళ్లకి ముందే చెప్పేస్తాను. ప్లాస్టిక్ మొక్కల ట్యాంకైతే 6 నుంచి 8 గంటలు. అనూబియాస్, జావా ఫెర్న్, వాలిస్‌నేరియా లాంటి మొండి మొక్కలుంటే 7 లేదా 8. కొత్తగా నీళ్లు పోసిన ట్యాంకైతే మొదటి నెలంతా 5, మహా అయితే 6. రాత్రి మాత్రం కనీసం 8 గంటలు ట్యాంకు లైటు ఆరి ఉండాలి, నీలం బల్బు కూడా వెలగకూడదు. ఈ లెక్క పట్టుకుని ఇక్కడితో వెళ్లిపోయినా మీ చేపలకి వచ్చే నష్టమేమీ లేదు.

కాకపోతే అదే 8 గంటలకి ఒకరింట్లో అద్దం తళతళలాడుతుంటుంది, ఇంకొకరింట్లో వారం తిరక్కుండా పచ్చగా పాచి పట్టేస్తుంది. ఎందుకో తెలిస్తే మీ ఇంటి లెక్క మీరే వేసుకోవచ్చు.

మాది విజయవాడలో రెండో అంతస్తు ఫ్లాటు. హాల్లో మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగున్నర ఎత్తున్న ట్యాంకు. నిండా పోస్తే 127 లీటర్లు పడుతుంది, ఇసుకా రాళ్లూ పోను నికరంగా 110 అనుకోండి. నియాన్ టెట్రాలు, అడుగున తిరిగే కోరీలు, చెక్కకి కట్టిన అనూబియాస్, వెనక వాలిస్‌నేరియా. లైటు 18 వాట్ల ఎల్‌ఈడీ. కరెంటు బిల్లు గురించి బెంగ పెట్టుకునేవాళ్లకి ఒక మాట: ఈ లైటు రోజుకి 8 గంటలు వెలిగితే నెలకి నాలుగు యూనిట్లు దాటి కొంచెం అవుతుంది, అంతే. గంటలు తగ్గించమని నేను చెప్పేది బిల్లు కోసం కాదు.

లైటు ఎవరి కోసం?

చేపల కోసమని అందరూ అనుకుంటారు. చేపలకి హాల్లో పగటి వెలుతురు చాలు. నియాన్ టెట్రాలు పుట్టింది అమెజాన్ అడవుల్లో, చెట్ల నీడన డికాషన్ రంగులో పారే వాగుల్లో. ఫైటర్ చేపల సొంతూరు థాయ్‌లాండ్ వైపు గడ్డీ గాదం మూసేసిన నిలవ నీళ్లు, వరి మళ్లు. నెత్తిమీద తెల్లటి లైటు మండకపోతే వీటికి వచ్చే ఇబ్బందేమీ లేదు.

వాటికి అవసరమైనది పగలేదో రాత్రేదో తేడా తెలియడం. చేపకి కనురెప్పలుండవు కాబట్టి నిద్రపోదనుకుంటాం. పోతుంది. చీకటి పడితే దాని మెదడులోని పీనియల్ గ్రంథి మెలటోనిన్ అనే నిద్ర హార్మోను తయారుచేస్తుంది, మనకి తయారైనట్టే. రాత్రంతా లైటు ఉంటే అది తగ్గిపోతుంది, నిద్ర చెడుతుంది. అర్ధరాత్రి ఎప్పుడైనా చూస్తే నియాన్ టెట్రాల నీలం గీత వెలిసిపోయి, ఎరుపు పాలిపోయి కనిపిస్తాయి. జబ్బేమో అని టెన్షన్ పడక్కర్లేదు, అది వాటి నిద్ర వేషం. పొద్దున లైటు వెలిగిన కాసేపటికి రంగు మళ్లీ ఎక్కుతుంది.

ప్రయోగశాలల్లో పెంచే జీబ్రా చేపలకి 14 గంటల వెలుతురు, 10 గంటల చీకటి ఇస్తారు. ఇది మన గంగా, బ్రహ్మపుత్ర వైపు దొరికే చేపే. పొద్దున వెలుతురు రాగానే గుడ్లు పెడుతుంది కాబట్టి లైటు వేళల్ని చాలా కచ్చితంగా పాటిస్తారు. ఆ 14 అంకె చూసి కొందరు ఇంట్లో ట్యాంకుకీ అంతసేపు వేస్తారు. ల్యాబు ట్యాంకుల్లో మొక్కలుండవు, తొట్లు కడగడానికి మనుషులుంటారు. ఆ లెక్క మనకెందుకు?

కాబట్టి లైటు మొదట మొక్కల కోసం, తర్వాత చూసుకోవడానికి మన కోసం. పిలవకపోయినా వచ్చే మూడో వాటాదారు పాచి. మొక్కలు తినగలిగినంతకి మించి వెలుతురు పోస్తే మిగిలిందంతా దాని ఖాతాలోకే.

దీపం ఆరకూడదన్నట్టు ఇరవై నాలుగ్గంటలూ లైటు వేసి ఉంచే ఇళ్లు నాకు తెలుసు. ఈశాన్యంలో ట్యాంకు పెట్టించిన పెద్దమనిషి అలా చెప్పి వెళ్తాడు. వాస్తు జోలికి నేను పోను, ఈశాన్యంలోనే పెట్టుకోండి. రాత్రి మాత్రం ఆర్పండి. మా అత్తయ్యకి సంధ్యవేళ ట్యాంకు చీకటిగా ఉండటం నచ్చదు. అందుకే సాయంత్రం లైటు వేళని దేవుడి దగ్గర దీపం పెట్టే వేళకి కలిపేశాను. ఆవిడా సంతోషం, చేపలూ సంతోషం.

చెరువు దగ్గర విన్న సంగతి

మా పుట్టిల్లు ఆకివీడు వైపు. చేపల చెరువుల మధ్య పెరిగినవాళ్లకి వెలుతురు గురించి విడిగా పాఠం అక్కర్లేదు. ఎండ బాగా కాసి చెరువు నీళ్లు చిక్కటి పచ్చగా తిరిగిన రోజు, ఆ రాత్రికి నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ల దగ్గర మనిషిని పెడతారు. పగలు ఆ పచ్చదనమే ఆక్సిజన్ తయారుచేస్తుంది. రాత్రి అదే ఆక్సిజన్ పీల్చుకుంటుంది. తెల్లవారుజామున, సూర్యుడు రావడానికి ముందు, నీటిలో ఆక్సిజన్ అన్ని వేళలకన్నా తక్కువగా ఉంటుంది. చేపలు పైకొచ్చి నోళ్లు తెరిచేది అప్పుడే.

హాల్లో ఉన్న గాజు చెరువుకీ ఇదే సూత్రం. మొక్కలు ఎక్కువున్న ట్యాంకులో రాత్రి ఎయిర్ పంపు ఆపడమనే అలవాటు మంచిది కాదు. చప్పుడుకి నిద్ర పట్టట్లేదని చాలామంది కట్టేసేది సరిగ్గా ఆ వేళలోనే. పంపు కింద మడత పెట్టిన పాత టవలు వేసి చూడండి, చప్పుడు చాలావరకు తగ్గుతుంది. ఎండాకాలంలో ఇది ఇంకా ముఖ్యం. 25 డిగ్రీల నీటిలో లీటరుకి సుమారు 8.3 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఇముడుతుంది, 32 డిగ్రీలకి అది 7.3 దగ్గరికి పడిపోతుంది. మే నెలలో మన ఊళ్లో ఏసీ లేని హాల్లో నీళ్లు 32 కావడం వింతేమీ కాదు. మూత కింద పాత ట్యూబ్‌లైటు ఉంటే ఆ వేడి అదనం. ఎల్‌ఈడీకి మారడానికి నాకు కనిపించే అసలు కారణం అదే.

మా ఇంటి టైం టేబుల్

గంటలు ఎన్నో తేల్చుకున్నాక, ఎప్పుడెప్పుడు అన్నది మీరు ఇంట్లో ఉండే వేళని బట్టి పెట్టుకోండి. సూర్యోదయానికి వేసి సూర్యాస్తమయానికి ఆర్పాలని నియమమేమీ లేదు. పొద్దున 9కి అందరూ వెళ్లిపోయి సాయంత్రం 6కి వచ్చే ఇంట్లో, పగలు 9 నుంచి 5 వరకు ట్యాంకు వెలిగి ఉంటే చూసేదెవరు?

మా ఇంట్లో పొద్దున 6.30 నుంచి 9 వరకు ఒక విడత, సాయంత్రం 5.30 నుంచి 10 వరకు రెండో విడత. మొత్తం 7 గంటలు. మధ్యలో లైటు లేకపోయినా హాల్లో పగటి వెలుతురు ఉంటుంది కాబట్టి చేపలకి అది రాత్రి కాదు. ఇలా మధ్యాహ్నం విరామం ఇస్తే పాచి ఆగిపోతుందని గట్టిగా చెప్పేవాళ్లున్నారు. నేను అంతదూరం నమ్మను. మొక్కల కోసం గ్యాసు వదిలే సీవోటూ సిలిండరు లేని ట్యాంకులో మొక్కలు పొద్దున వాడేసుకున్న కార్బన్ డయాక్సైడు ఆ విరామంలో మళ్లీ కాస్త పోగవుతుంది, ఆ మేరకు మేలే. నాకైతే మధ్యాహ్నం మండుటెండ వేళ లైటు వేడి లేకపోవడం, రాత్రి భోజనాల వేళ ట్యాంకు వెలుగుతూ ఉండటం, ఈ రెండూ చాలు.

విడతలు రెండుకి మించనివ్వకండి. ఎవరొస్తే వాళ్లు స్విచ్ నొక్కే ఇంట్లో చేపలకి పగలూ రాత్రీ తెలియకుండా పోతాయి. రాత్రి 11కి వచ్చిన చుట్టాలకి చూపించాలని లైటు వేయడం, పిల్లలు ఫోన్ టార్చి కొట్టడం కూడా వద్దు. చీకట్లో ఉన్న చేప మీద ఒక్కసారిగా వెలుతురు పడితే బెదిరి అద్దానికి గుద్దుకుంటుంది, మూత లేకపోతే బయటికి దూకేస్తుంది. పొద్దున ముందు హాల్లో లైటు గానీ కర్టెన్ గానీ తీసి, పావుగంట ఆగి ట్యాంకు లైటు వెలగనివ్వండి. రాత్రి దీనికి ఎదురు వరుస: ట్యాంకు లైటు ముందు ఆరాలి, హాల్లో లైటు అరగంట తర్వాత.

మేత కూడా ఈ వేళలకే కట్టేయండి. లైటు వెలిగాక పది, పదిహేను నిమిషాలు పోనిస్తే అన్నీ చురుగ్గా తింటాయి. కోరీలకి, సక్కర్ చేపకి మాత్రం లైటు ఆర్పాకే మునిగే బిళ్లలు వేయాలి. ముందే వేస్తే పైనున్నవి వాటికి మిగల్చవు.

కిటికీ వెలుతురు కూడా లెక్కే

విజయవాడలో డిసెంబరు పగలు 11 గంటలు దాటి కొద్దిగా, జూన్ పగలు 13 గంటలు. ట్యాంకు మీద నేరుగా ఎండ పడుతుంటే, మీ టైమరు 6 గంటలే చూపించినా ట్యాంకు తిన్న వెలుతురు వేరు. గంటసేపు పడే ఎండ ముందు మన ఎల్‌ఈడీ ఎందుకూ చాలదు. తూర్పు కిటికీ పొద్దుటి ఎండ కాస్త ఓర్చుకోవచ్చు. పడమటి ఎండ పడే చోట ట్యాంకు పెట్టనే వద్దు: పాచి ఒకవైపు, వేడి ఇంకోవైపు. స్థలం మార్చలేకపోతే వెనక అద్దానికి బయటినుంచి నల్ల చార్టు అంటించండి, కర్టెన్ దించండి. అప్పటికీ ఎండ వస్తుంటే లైటు 4, 5 గంటలకి దించేయండి. ఎండ దిశ ఏడాదిలో మారుతుంటుంది కాబట్టి, చలికాలంలో దక్షిణం కిటికీలోంచి లోపలికి వచ్చే ఎండని కూడా ఒకసారి గమనించండి.

టైమరు, కరెంటు కోత

లైటు వేళలు మనుషుల చేతిలో పెడితే నిలవవు, టైమరు కొనాల్సిందే. ప్లగ్గులా గుచ్చే గుండ్రటి టైమరు, చుట్టూ చిన్న పిన్నులుండేది, చవగ్గా దొరుకుతుంది. ఒక్కో పిన్ను పావుగంట. దానికి ఒక్కటే రోగం: కరెంటు పోతే డయల్ ఆగిపోతుంది. గంట కోత పడితే గంట వెనకబడుతుంది, మీరు చూడకపోతే వారం తిరిగేసరికి రాత్రి 10కి ఆరాల్సిన లైటు అర్ధరాత్రి దాటాక ఆరుతుంది. కోతలున్న ఊళ్లో లోపల బ్యాటరీ ఉన్న డిజిటల్ టైమరు తీసుకోండి. వైఫై ప్లగ్గు కూడా బాగుంటుంది. కొనేముందు కరెంటు వచ్చాక అది ఏ స్థితిలో మొదలవుతుందో అడగండి. కొన్ని ఆఫ్‌లోనే ఉండిపోతాయి, కొన్ని వేళతో పని లేకుండా వెలిగేస్తాయి.

ఇన్వర్టరు ఉంటే ఫిల్టరు, ఎయిర్ పంపు దాని మీద పెట్టండి. లైటు అక్కర్లేదు. కోతలో లైటు ఆరితే చేపకి ఏమీ కాదు, గాలి ఆగితేనే ముప్పు.

వైర్ల గురించి ఒక్క మాట చెప్పకుండా ముందుకి పోలేను. ప్లగ్గుకి వెళ్లే ప్రతి వైరూ సాకెట్టు కన్నా కిందికి దిగి మళ్లీ పైకి వెళ్లాలి. అప్పుడు వైరు వెంట జారిన నీటి చుక్క ఆ వంపు దగ్గర కింద పడుతుంది, సాకెట్టులోకి పోదు. ఎక్స్‌టెన్షన్ బోర్డు ట్యాంకు కింద నేల మీద పెట్టకండి. నీళ్లలో చెయ్యి పెట్టేముందు అన్నీ ఆపేయండి.

పాచే మీటరు

గంటలు సరిపోయాయో లేదో చెప్పే మీటరు ముందు అద్దం. వారం పదిరోజులకోసారి తుడిస్తే సరిపోతుంటే మీ లెక్క కుదిరినట్టే. రెండు మూడు రోజులకే పచ్చ పొర కడుతుంటే రోజుకి గంట తగ్గించి రెండు వారాలు ఆగండి. లైటు తగ్గించి, ఎరువు మార్చి, మందు పోసి, అన్నీ ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో తేలదు.

అన్ని పాచిలూ లైటు వల్లే రావు. కొత్త ట్యాంకులో గోధుమ రంగు పొడిలా పట్టేది డయాటమ్ అనే సూక్ష్మమైన పాచి. దానికి లైటు తగ్గించి లాభం లేదు, తుడుస్తూ ఉంటే కొన్ని వారాల్లో తనే పోతుంది. ఆకుల అంచున నల్ల కుచ్చులా మొలిచేది ఎర్ర పాచి జాతి, అది ఎక్కువగా కార్బన్ డయాక్సైడు ఒడిదుడుకుల వల్ల వస్తుంది. ఇసుక మీద నీలిపచ్చ దుప్పటిలా పరుచుకుని, లాగితే పొరగా వచ్చి, వాసన కొట్టేది అసలు పాచే కాదు, సయనో బ్యాక్టీరియా. అనూబియాస్ ఆకుల మీద గట్టి పచ్చ చుక్కలు వస్తే మాత్రం ఎక్కువగా లైటుదే తప్పు. నెమ్మదిగా పెరిగే ఆకు నడినెత్తి లైటు తట్టుకోలేదు, దాన్ని చెక్క నీడకి జరపండి.

కొందరు లైటు డల్‌గా ఉందని గంటలు పెంచుతారు. పనికిరాదు. మొక్కకి కనీసం ఇంత వెలుతురు కావాలని ఒకటుంటుంది, అంతకు తక్కువైతే 14 గంటలిచ్చినా సన్నగా సాగిపోయి, కింది ఆకులు రాల్చుకుంటుంది. అంత మసక వెలుతురుతో బతికేది పాచే. దీనికి తిరగేసి, లైటు మరీ ఎక్కువైతే గంటలు కోసేముందు లైటుని కొంచెం పైకి ఎత్తండి, లేదా నీటి మీద తేలే మొక్కలు నాలుగు వేయండి. రంగులు మారుతూ డిస్కో చేసే లైట్లున్నాయి కదా, వాటిని 6500 కెల్విన్ (పగటి వెలుతురు లాంటి) తెలుపులోనో దాని దగ్గర్లోనో పెట్టి వదిలేయండి. రాత్రికి నీలం మోడ్ ఇచ్చేది అమ్మడానికే.

నీళ్లే పచ్చగా మారిపోతే మాత్రం మూడు రోజుల చీకటి మందు పనిచేస్తుంది. ముందు మూడో వంతు నీళ్లు మార్చి, కుళ్లిన ఆకులు తీసేయండి. లైటు ఆపి, మందపాటి దుప్పటి నాలుగు వైపులా కప్పండి. పల్చటి చీర, లుంగీ ఆగవు, వెలుతురు దూరుతుంది. ఎయిర్ పంపు ఆగకూడదు. పైన గాలి ఆడే సందు వదలండి. ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేపలకి ఆ మూడు రోజులు మేత లేకపోయినా ఫర్వాలేదు, చేప పిల్లలుంటే ఈ పని పెట్టుకోకండి. మధ్యలో తొంగి చూడొద్దు. దుప్పటి తీసిన రోజు సగం నీళ్లు మార్చడం తప్పనిసరి, ఎందుకంటే చచ్చిన పాచి అంతా నీళ్లలోనే కుళ్లుతుంది. ఆ తర్వాత పాత గంటలకి వెళ్లకుండా 5తో మొదలుపెట్టి, వారానికి అరగంట చొప్పున పెంచుకుంటూ పోండి. ఎండ పడే చోటు మార్చకపోతే నెలలో మళ్లీ పచ్చబడుతుంది, అప్పుడు నన్ను తిట్టొద్దు.

వేరే లెక్కలున్న ట్యాంకులు

సీవోటూ సిలిండరు పెట్టి ఎర్ర మొక్కలు పెంచేవాళ్లకి 8 గంటలు మామూలే. గ్యాసు లైటుకి గంట, రెండు గంటల ముందు మొదలై, లైటు ఆరడానికి గంట ముందు ఆగాలి. రాత్రి గ్యాసు ఆపకుండా వదిలేస్తే చేపలు ఊపిరాడక చచ్చిపోవచ్చు. గప్పీ పిల్లల్ని పెంచేవాళ్లు ఎక్కువసార్లు మేత వేయడానికి 12 గంటలు లైటు ఉంచుతారు. రాత్రి చీకటి ఉన్నంతవరకు తప్పు లేదు. నియాన్ టెట్రా గుడ్లకి మాత్రం వెలుతురు పడదు, ఆ తొట్టి చుట్టూ నల్ల కాగితం చుట్టాలి. గోల్డ్‌ఫిష్‌ని చీకటి మూల పెడితే రంగు వెలుస్తుంది, దానికి రోజూ మంచి వెలుతురు కావాలి. పగడాల సముద్రపు ట్యాంకు వేరే ప్రపంచం. ఆ పగడాల ఒంట్లోనే పాచి కాపురం ఉండి వాటికి తిండి పెడుతుంది కాబట్టి 8 నుంచి 10 గంటలు గట్టి లైటు ఉండాలి.

సంక్రాంతికి ఊరెళ్తుంటే టైమరుని 5 గంటలకి తగ్గించి వెళ్లండి. ఎవరూ లేని ఇంట్లో చేపలకి తోడుగా లైటు వేసి వెళ్లడం మంచి మనసే, తిరిగొచ్చేసరికి తుడవాల్సిన అద్దాలు నాలుగు. నాలుగు రోజులైతే లైటు పూర్తిగా ఆపి, కర్టెన్ సగం తెరిచి వెళ్లినా మొక్కలు తట్టుకుంటాయి. తాళం ఇచ్చిన పక్కింటివాళ్లకి మేత డబ్బా ఇవ్వకండి, ప్రేమ కొద్దీ గుప్పెడు వేస్తారు. రోజుకి ఎంతో కొలిచి, కాగితం పొట్లాలు కట్టి ఇవ్వండి. ఎయిర్ పంపు స్విచ్ మీద ‘ఆపొద్దు’ అని టేపు అంటించి వెళ్లండి.